విమానం తలుపు తెరిచింది నేను, మరి తప్పంతా నాదేనా?

ప్రశ్న: నేను విమానాశ్రయంలో ఆగిన విమానాలకు సేవలందించే గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. బోయింగ్ 737 ఒకటి వచ్చి ఆగింది. మెట్లు ఆనించి తలుపు తట్టాను. లోపలున్న క్యాబిన్ క్రూ అద్దంలోంచి బొటనవేలు పైకెత్తి చూపించారు. నేను బయటి హ్యాండిల్ తిప్పి తలుపు లాగగానే ఎమర్జెన్సీ స్లైడ్ (ఆపదలో ప్రయాణికులు జారి దిగే, గాలి నిండే జారుడుబల్ల) ఒక్కసారిగా విచ్చుకుంది. అది తగిలి నా పక్కనున్న సహోద్యోగి మెట్ల మీంచి పడ్డాడు, భుజం ఎముక విరిగింది. ప్రయాణికులు అప్పటికింకా దిగలేదు. నేను సిగ్నల్ రాకముందే తెరిచానని ఎయిర్‌లైన్ అంటోంది. మా కంపెనీ కూడా అదే రాసి సంతకం పెట్టమంటోంది, స్లైడ్ ఖర్చు జీతంలో కోస్తామంటోంది. నా మీద కేసు పెడతారా? అతనికి పరిహారం వస్తుందా?

జవాబు: ముందుగా, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. జరిగింది జరిగినట్టు మీ మాటల్లో రాసి, తేదీ, సమయం వేసి కంపెనీకి ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సంజాయిషీ ఇవ్వడానికి నిరాకరించారన్న మాట పడకుండా ఇది కాపాడుతుంది.

మీరు ఏ దేశంలో పనిచేస్తున్నారో రాయలేదు. కాబట్టి చాలా దేశాల్లో ఒకేలా ఉండే సూత్రాలు, అంతర్జాతీయ నియమాల వరకే చెబుతాను.

నిర్లక్ష్యం కేసులో హ్యాండిల్ ఎవరు తిప్పారన్న దానికంటే, ఆ క్షణంలో ఏ పని ఎవరిది అన్నది ముఖ్యం. స్లైడ్‌ను డిజార్మ్ చేయడం, అంటే తలుపు తెరిచినా విచ్చుకోకుండా చేయడం, క్యాబిన్ క్రూ పని. బయటున్నవాళ్లు చేయగలిగింది కాదు. పెద్ద విమానాల్లో చాలావాటికి బయటి హ్యాండిల్ ఎత్తితే స్లైడ్ దానంతటదే డిజార్మ్ అవుతుంది. 737లో అలా కాదు. దాని స్లైడ్‌ కడ్డీని క్రూ చేత్తో తీసి నేల మీది బ్రాకెట్లలో బిగిస్తారు, మళ్లీ చేత్తోనే విడిపిస్తారు. మరిచిపోతే బయటినుంచి తెరిచినా స్లైడ్ విచ్చుకుంటుంది, కొద్ది సెకన్లలోనే నిండిపోతుంది. అవతలి ఎయిర్‌లైన్ విమానాలకు ఏమీ కాలేదు, మీకే ఎందుకు అయిందని ఎవరైనా అడిగితే, జవాబులో సగం ఇదే.

ఇక ఆ బొటనవేలు. కేసంతా దాని మీదే నడుస్తుంది. "డిజార్మ్ చేశాం, తెరవొచ్చు" అని మీరు అర్థం చేసుకున్నారు. "మీరు వచ్చినట్టు చూశాం, ఆగండి" అని చూపించామని వాళ్లు అనవచ్చు. ఏది సరైనదో ఆ ఎయిర్‌లైన్ గ్రౌండ్ ఆపరేషన్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కొన్ని సంస్థల్లో తలుపు లోపలినుంచి క్రూయే తెరవాలి, మరికొన్నింటిలో సైగ తర్వాత బయటివాళ్లు తెరుస్తారు. ఒకే షిఫ్టులో నాలుగు ఎయిర్‌లైన్ల విమానాలు చూసే మీలాంటివాళ్లకు ఈ తేడా ఎంత టెన్షనో నాకు తెలుసు. ఏ ఎయిర్‌లైన్ పద్ధతి మీద మీకు శిక్షణ ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ఆ రికార్డు అడగండి. ఇవ్వలేదని తేలితే బాధ్యతలో పెద్ద భాగం మీ కంపెనీ మీదకు వెళ్తుంది.

మీకు ఇబ్బందిగా ఉండే సంగతీ ఒకటి చెప్పాలి. 737లో స్లైడ్ ఆర్మ్ చేసి (విచ్చుకునేలా సిద్ధం చేసి) ఉన్నప్పుడు తలుపు అద్దానికి అడ్డంగా ఎర్రపట్టీ కడతారు. అది కనిపిస్తుండగానే మీరు తెరిచి ఉంటే నిర్లక్ష్యంలో కొంత వాటా మీకూ పడుతుంది. పట్టీ ఉందో లేదో నిజంగా గుర్తులేకపోతే గుర్తులేదనే రాయండి. ఊహించి రాసిన వాక్యమే తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో కోణం ఉంది, చాలామందికి తట్టదు. పౌర విమానయానంపై అంతర్జాతీయ ఒప్పందమైన షికాగో ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం, ప్రయాణికులు ఎక్కినప్పటినుంచి అందరూ దిగేదాకా విమానంలోని ఏ భాగమైనా తగిలి ఎవరికైనా తీవ్ర గాయమైతే అది 'ప్రమాదం' కిందికే వస్తుంది. ఎముక విరగడం తీవ్ర గాయమే. వేళ్ల, ముక్కు మామూలు ఫ్రాక్చర్లకే మినహాయింపు. అంటే మీ సంఘటనను ఆ దేశపు ప్రమాద దర్యాప్తు సంస్థకు తెలపాల్సి ఉంటుంది. తెలిపారా అని రాతపూర్వకంగా అడగండి. ఆ దర్యాప్తు ఏకైక ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటం; ఎవరిది తప్పో తేల్చడం దాని పని కాదు. అక్కడిచ్చే వాంగ్మూలానికి ఆ అనుబంధం కింద రక్షణ ఉంది. కంపెనీ హెచ్ఆర్‌కు ఇచ్చే స్టేట్‌మెంట్‌కు అలాంటిదేమీ లేదు. రెండింటినీ ఒకేలా చూడకండి. విమానం ఆగిన చోటి సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని విమానాశ్రయానికి ఈరోజే లేఖ పెట్టండి.

జీతంలో కోత విషయానికొస్తే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 95వ ఒప్పందం (1949) ప్రకారం దేశ చట్టమో, యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ మధ్య కుదిరిన సామూహిక ఒప్పందమో అనుమతించినంత వరకే కోయాలి. యజమాని ఇష్టం కాదు. అసలు స్లైడ్ లెక్క రెండు సంస్థల మధ్యది. చాలా చోట్ల వాడే అయాటా (అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల సంఘం) ప్రామాణిక గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఒప్పందం 8వ అధికరణంలో, హ్యాండ్లింగ్ కంపెనీ నిర్లక్ష్యం వల్ల విమానం పాడైతే ఎయిర్‌లైన్ బీమాలోని డిడక్టిబుల్ (బీమా సంస్థ చెల్లించని మొదటి భాగం) వరకే కంపెనీ భరించాలని ఉంటుంది. 2018 కూర్పులో దాని గరిష్ఠ పరిమితి 15 లక్షల డాలర్లు. అంటే మీరు తప్పు ఒప్పుకుంటే మీ కంపెనీయే బిల్లు కట్టే స్థితిలోకి వెళ్తుంది. అయినా సంతకం అడుగుతోందంటే, కాంట్రాక్టు పోగొట్టుకోకూడదన్న ఆలోచన కావచ్చు. ఇది నా అనుమానం మాత్రమే.

క్రిమినల్ కేసు గురించి భయపడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. చాలా చోట్ల మామూలు పొరపాటు చాలదు, ఘోర నిర్లక్ష్యం నిరూపించాలి. సైగ చూశాకే తెరిచానన్నది నిజమైతే అది మీకు గట్టి ఆధారం. పోలీసులు పిలిస్తే లాయర్ లేకుండా వెళ్లకండి.

మీ సహోద్యోగికి పనిలో గాయం కాబట్టి, చాలా దేశాల్లో ఎవరి తప్పన్నదాంతో పని లేకుండా యజమాని నుంచో, బీమా నుంచో పరిహారం అందుతుంది. అది కాక, క్రూ తప్పిదానికి ఎయిర్‌లైన్ మీద విడిగా దావా వేసే వీలు కూడా చాలా చోట్ల ఉంది. విమాన ప్రయాణంలో నష్టాలకు ఎయిర్‌లైన్ బాధ్యతను చెప్పే 1999 మాంట్రియల్ ఒప్పందంలోని రెండేళ్ల గడువు ప్రయాణికుల దావాలకు సంబంధించింది, అతనికి వర్తించదు. అతనికి కార్మిక, సివిల్ చట్టాల గడువులు వేరుగా ఉంటాయి, కొన్ని చాలా తక్కువ. ఒక మాట గుర్తుంచుకోండి, ఎంత స్నేహమున్నా మీ ఇద్దరూ ఒకే లాయర్‌ను పెట్టుకోకండి. అతని దావాలో మీ నిర్లక్ష్యం కూడా ఎత్తిచూపాల్సి రావచ్చు.