91 మీటర్ల పరుగుకు 34 యూనిట్ల కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో అమెరికా నౌకాదళానికి చెందిన జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ తరగతి విమాన వాహక నౌకల గురించి ఒక పేజీ పరిచయం ప్రచురించాము. 330 మీటర్లకు పైబడిన పొడవు, సుమారు లక్ష టన్నుల బరువు, రెండు అణు రియాక్టర్లు, 2017 జూలైలో మొదటి నౌక నౌకాదళంలో చేరడం, ఇంతవరకే అందులో చెప్పగలిగాము. సముద్రమే లేని నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి సముద్రం మీది ప్రశ్నలు ఇన్ని వస్తాయని అనుకోలేదు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఇదివరకు విమానాన్ని ఆవిరితో విసిరేవారని, ఈ ఓడలో కరెంటుతో విసురుతారని రాశారు. మోటారు తిరుగుతుంది గానీ విసరదు కదా? పైగా అంత లోడు ఒక్కసారిగా పడితే ఓడలో మిగతా లైన్లు ట్రిప్ కావా?
– మోటారు రివైండింగ్ పనివారు, మిర్యాలగూడ

జవాబు: మీ ప్రశ్నకు సగం జవాబు మీ షాపులోనే ఉంది. పాత వైండింగు పీకేసిన స్టేటరును మీరు రోజూ చేత పట్టుకుంటారు: గుండ్రటి ఇనుప గూడు, దాని లోపలి అంచు వెంట గాళ్లు, ఆ గాళ్లలో మీరు కూర్చే రాగి చుట్లు. ఆ గూడును ఒకచోట నిలువునా కోసి, చుట్టిన చాపను విప్పినట్టు నేలమీద పరిచారనుకోండి. అప్పటిదాకా గుండ్రంగా తిరుగుతున్న అయస్కాంత క్షేత్రం ఇప్పుడు తిన్నగా ఒక చివర నుంచి ఇంకో చివరకు పరిగెత్తుతుంది, దాని వెంటబడే రోటరు (మోటారు లోపల తిరిగే భాగం) కూడా తిరగడం మాని ముందుకు దూసుకుపోతుంది. ఫోర్డ్ డెక్ కింద ఉన్నది ఇలా పరిచిన మోటారే. దాని పొడవు సుమారు 91 మీటర్లు. రోటరు స్థానంలో జారే దిమ్మకు విమానం ముందు చక్రం కాడను తగిలిస్తారు. రెండు మూడు సెకన్లలో విమానం గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుని డెక్ అంచు దాటిపోతుంది.

ఇక లోడు సంగతి. ఒక్క విసురుకు ఈ యంత్రం ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి 122 మెగాజౌల్స్. ఒక యూనిట్ కరెంటు అంటే 3.6 మెగాజౌల్స్ కనుక ఇది దాదాపు 34 యూనిట్లు. మన పొలాల్లోని 5 హెచ్.పి. మోటారు తొమ్మిది గంటలు నడిస్తే తాగే కరెంటు దాదాపు అంతే. (వ్యవసాయ మోటారుకు మీటరు ఎక్కడిది అని అడుగుతారేమో, అది వేరే కథ.) తొమ్మిది గంటల కరెంటును మూడు సెకన్లలో లాగితే ఏ లైనూ నిలవదు, మీ అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనదే. అందుకే ఓడ జనరేటర్ల నుంచి ఆ క్షణంలో నేరుగా లాగరు. కరెంటు రాకముందు మన బావుల మీద కొట్టుకున్న ఆయిల్ ఇంజన్లకు పక్కన ఒక బరువైన చక్రం ఉండేది గుర్తుందా? ఇంజను దెబ్బకూ దెబ్బకూ మధ్య పని ఆగకుండా లాగించేది ఆ చక్రంలో నిలవ ఉన్న ఊపే. ఫోర్డ్‌లోనూ ఇదే ఉపాయం వాడారు. భారీ రోటర్లను ముందుగా తీరిగ్గా తిప్పి పెట్టుకుంటారు, విమానం సిద్ధమయ్యాక ఆ ఊపునే కరెంటుగా మార్చి పరిచిన మోటారులోకి ఒక్కసారిగా వదులుతారు. రోటర్లు తమ ఊపులో కొంత పోగొట్టుకుని నెమ్మదిస్తాయి, సుమారు 45 సెకన్లలో మళ్లీ పుంజుకుంటాయి. ఓడలోని దీపాలకు ఏమీ తెలియదు.

ఆవిరిని వదిలిపెట్టడానికి కారణం లేకపోలేదు. ఆవిరి సిలిండరులో వాల్వు తెరిచాక దెబ్బ మొదట్లోనే గట్టిగా పడుతుంది, తర్వాత సన్నగిల్లుతుంది. ఏళ్ల తరబడి ఆ కుదుపు తిన్న విమానపు ఒళ్లు త్వరగా అలసిపోతుంది. పైగా తేలికపాటి డ్రోన్‌ను విసరడానికి తగినంత మెత్తదనం ఆవిరికి రాదు. కరెంటయితే విమానం బరువును బట్టి ఎంత కావాలో అంతే, మొదటి నుంచి చివరి దాకా సమంగా ఇవ్వవచ్చు.

అయితే మీ వృత్తివారికి నచ్చని లోపం ఒకటి ఇందులో ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మనం మోటారు దగ్గర చెయ్యి పెట్టే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ.బి. స్విచ్ దించి, సరఫరా ఆపి వస్తాము. ఫోర్డ్‌లో నాలుగు విసురు యంత్రాలకు కరెంటు ఏర్పాటు ఉమ్మడిగా ఉండడం వల్ల, మిగతావి పనిచేస్తుండగా చెడిపోయిన ఒక్కదాన్ని విడిగా ఆపి బాగుచేసే వీలు లేకుండా పోయింది. 4,166 విసురులకు ఒకసారి మాత్రమే ఆగాలని లక్ష్యం పెట్టుకోగా, తొలి ఏళ్లలో కొన్ని వందల విసురులకే ఆగింది. ఇది నిర్మాణ దశలోనే ఆలోచించి ఉండవలసిన విషయమని మా అభిప్రాయం.

ప్రశ్న: పాత నిమిట్జ్ తరగతి నౌకలకూ వీటికీ పొడవు, బరువు దాదాపు ఒకటే అన్నారు. మరి కొత్త తరగతి అని ఎందుకు అంటున్నారు?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: విమాన వాహక నౌకను కొలవవలసింది మీటర్లతో కాదు, ఒక రోజులో ఎన్ని విమానాలు లేచి, పని ముగించుకుని, తిరిగి దిగి, మళ్లీ లేవగలవు అన్న లెక్కతో. 1975లో మొదలైన నిమిట్జ్ తరగతి నౌకలకు ఆ లెక్క రోజుకు సుమారు 120. ఫోర్డ్‌కు పెట్టుకున్న లక్ష్యం 160. అత్యవసర సమయంలో 24 గంటలకు 270. చోటు పెంచకుండా ఈ సంఖ్య పెంచాలంటే మార్చవలసింది డెక్ మీద విమానాల రాకపోకలను.

వరి కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు చూసి ఉంటారు. బస్తాల బరువు కన్నా అక్కడ రైతును ఏడిపించేది మలుపులు: కాంటా ఒకచోట, తేమ చూసేది ఇంకోచోట, దించేది మరోచోట, ప్రతిచోటా ట్రాక్టరును వెనక్కి తిప్పి ముందుకు పెట్టాలి. నిమిట్జ్ డెక్ మీద విమానానికీ ఇదే అవస్థ. దిగిన విమానాన్ని ఇంధనం కోసం ఒకవైపు, బాంబులు తగిలించడానికి ఇంకోవైపు లాక్కుపోవాలి. ఫోర్డ్‌లో విమానం నిలిచిన చోటికే ఇంధనమూ ఆయుధాలూ వచ్చేలా ఏర్పాటు చేశారు. అందుకోసం డెక్ మీద గోపురంలా నిలిచే నియంత్రణ కట్టడాన్ని చిన్నది చేసి, సుమారు 40 మీటర్లు వెనక్కి జరిపారు. విమానాలను మోసే లిఫ్టులు నాలుగు ఉండేవి, మూడు చేశారు. లిఫ్టు తగ్గించడం నష్టమనిపిస్తుంది గానీ, దానివల్ల డెక్ మీద విమానాలు నిలిపే చోటు పెరిగింది.

ఆయుధాల లిఫ్టులు పదకొండు. ఇవి వేరు. పాతవాటిలో ఉక్కు తాళ్లు ఉండేవి. కొత్తవి తాళ్లు లేకుండా, పైన చెప్పిన పరిచిన మోటార్ల సూత్రం మీదే కదులుతాయి, ఒక్కొక్కటి పది టన్నులకు పైగా మోస్తుంది. ఓడ నౌకాదళంలో చేరిన రోజున ఇవి ఏవీ సిద్ధంగా లేవు. చివరి లిఫ్టు అప్పగించేసరికి 2021 డిసెంబరు అయింది. ఆయుధాలు పైకి రాని యుద్ధ నౌకను లాంఛనంగా ప్రారంభించడం మాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

కంటికి కనిపించని పెద్ద మార్పు విద్యుత్తు. కొత్త రియాక్టర్ల మీద నడిచే ఈ ఓడ తయారు చేసుకోగల కరెంటు నిమిట్జ్ కన్నా దాదాపు మూడు రెట్లు. ఇప్పటి అవసరాలకు అంత అక్కరలేదు. యాభై ఏళ్లు తిరగవలసిన ఓడ కాబట్టి రేపు రాబోయే లేజర్ల వంటి వాటి కోసం ముందే మిగులు పెట్టుకున్నారు. సిబ్బంది కూడా పాతవాటి కన్నా కొన్ని వందల మంది తక్కువ. అయినా విమాన దళంతో కలిపితే ఓడలో సుమారు 4,500 మంది ఉంటారు, అంటే మన వైపు ఒక మంచి పెద్ద గ్రామమంత జనాభా.

ప్రశ్న: ఇంత పెద్ద ఓడ మన నాగార్జునసాగర్‌లో తేలుతుందా? సరదాగా అడుగుతున్నాను, కోప్పడకండి.
– హాలియా నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోపం ఎందుకండీ, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. తేలుతుంది. ఫోర్డ్‌కు కావలసిన లోతు 12 మీటర్లు. 590 అడుగుల పూర్తి మట్టంతో సాగర్ నిండినప్పుడు కట్ట దగ్గర లోతు దానికి ఎన్నో రెట్లు. కాకపోతే సముద్రపు నీటికి ఉన్న చిక్కదనం కృష్ణ నీటికి ఉండదు కాబట్టి, ఓడ సముద్రంలో కన్నా జానెడు పైచిలుకు ఎక్కువ మునుగుతుంది. రాతి కట్ట పొడవు 1,450 మీటర్లు, దాని పక్కన ఇలాంటి ఓడలు నాలుగు వరుసగా నిలవవచ్చు. లోపలికి తేవడం మాత్రం కుదరదు: 26 గేట్లలో ఒక్కోదాని వెడల్పు 14 మీటర్ల లోపే, ఓడ నీటిమట్టం దగ్గరే 41 మీటర్లు, పైన డెక్ 78 మీటర్లు.

తెచ్చినా పని జరగదు. విమానాలు ఎగిరేటప్పుడు ఓడ గాలికి ఎదురుగా 30 నాట్ల దాకా వేగంతో పరిగెత్తాలి. (మనకు నాట్లంటే వరి నాట్లే గుర్తొస్తాయి, సముద్రంలో ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.) అంటే నిమిషానికి దాదాపు కిలోమీటరు. ఆ వేగంతో సాగర్‌లో బయలుదేరితే నాలుగు విమానాలు లేచేలోపే నల్లమల గుట్టలు ఎదురొస్తాయి.

ప్రశ్న: మన విక్రాంత్‌కు విసురు యంత్రమే లేదట కదా. అయితే అది తక్కువదని ఒప్పుకోవలసిందేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: మాస్టారూ, తక్కువది అనడం కన్నా వేరే లెక్క మీద కట్టినది అనడం సబబు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విక్రాంత్ పొడవు 262 మీటర్లు, బరువు ఫోర్డ్‌లో సగం కన్నా తక్కువ, నడిపించేవి నాలుగు గ్యాస్ టర్బైన్లు. దాని డెక్ ముందు భాగం పైకి వంగి ఉంటుంది. విమానం సొంత ఇంజన్ల బలంతో పరిగెత్తి, ఆ వంపు మీదుగా గాలిలోకి లేస్తుంది. చెడిపోవడానికి అక్కడ యంత్రమే లేదు, అది లాభం. నష్టం ఏమిటంటే, నిండా ఇంధనంతోనూ ఆయుధాలతోనూ విమానం లేవలేదు, ఏదో ఒకటి తగ్గించుకోవాలి. దూరం నుంచి శత్రువును పసిగట్టే రాడార్‌ను అమెరికా వారు రెక్కల విమానం మీద ఎత్తుకుపోతే, మనం కమోవ్-31 హెలికాప్టర్ మీద పెట్టుకోవలసి వస్తోంది. హెలికాప్టర్ అంత ఎత్తుకూ పోలేదు, అంతసేపూ నిలవలేదు. ఇది నిజమైన లోటే. 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరిన 26 రఫేల్ నౌకా విమానాలు వచ్చాక దాడి బలం పెరుగుతుంది గానీ ఈ రాడార్ లోటు తీరదు.

ఒక్క మాట మాత్రం మన ప్రాంతం వారు తెలుసుకోవాలి. విక్రాంత్ ఒళ్లంతా పరుచుకున్న ప్రత్యేకమైన ఉక్కు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయంలో పుట్టింది. దేవరకొండ బస్సులు నగరంలోకి వెళ్లే సాగర్ రోడ్డుకు అది దూరమేమీ కాదు. బయటి దేశాల నుంచి ఉక్కు దొరకడం కష్టమైనప్పుడు ఆ పరిశోధనాలయం రూపొందించిన ఉక్కును ప్రభుత్వ ఉక్కు సంస్థ తయారు చేసి ఇచ్చింది.

ప్రశ్న: అంత చిన్న చోట విమానం దిగి ఎలా ఆగుతుంది?
– నకిరేకల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తోకకు ఉన్న కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తాడును పట్టుకుంటుంది. ఫోర్డ్‌లో అలాంటివి మూడు. విచిత్రమేమిటంటే, చక్రాలు డెక్‌ను తాకిన క్షణంలో పైలట్ ఇంజను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తప్పితే మళ్లీ లేచిపోవాలి కదా. తాడు రెండు చివర్లూ డెక్ కింద నీటిలో తిరిగే భారీ చక్రాలకు చుట్టి ఉంటాయి. నీటి ఎదురుతోపు విమానం ఊపును మింగేస్తుంది, పట్టు ఎంత ఉండాలో పక్కనున్న మోటారు సరిచేస్తూ ఉంటుంది. మూడు సెకన్లలో, వంద మీటర్లలో ఆట ముగుస్తుంది.

ప్రశ్న: 1,300 కోట్ల డాలర్లు పోసి ఒక్క ఓడ కట్టడం తెలివైన పనేనా? ఒక క్షిపణి చాలదా?
– జడ్చర్ల వ్యాపారి

జవాబు: 2021లో సుమారు 18 టన్నుల పేలుడు పదార్థాన్ని ఓడకు దగ్గరలో నీటి అడుగున పేల్చి పరీక్షించారు, అదీ మూడుసార్లు. ఓడ తట్టుకుంది. ఒక క్షిపణితో మునిగే నిర్మాణం కాదు. కానీ మునగకపోయినా డెక్‌కు గండి పడితే విమానాలు లేవవు, అప్పుడు అది ఖరీదైన పడవ మాత్రమే. అందుకే ఇలాంటి ఓడ ఎప్పుడూ ఒంటరిగా తిరగదు, చుట్టూ కాపలా నౌకలు ఉంటాయి. ఖర్చు విషయంలో మీ విమర్శతో చాలావరకు ఏకీభవిస్తాము. మరుగుదొడ్ల గొట్టాలు తరచూ పూడుకుపోతుంటే ఆమ్లంతో కడగడానికి ఒక్కో విడతకు నాలుగు లక్షల డాలర్లు అవుతుందని వారి ప్రభుత్వ తనిఖీ విభాగమే 2020లో చెప్పింది.

ప్రశ్న: ఈ తరగతిలో నాలుగో నౌకకు వంటశాలలో పనిచేసిన మనిషి పేరు పెడుతున్నారట, నిజమేనా?
– అచ్చంపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజమే. మొదటి నౌకకు అమెరికా అధ్యక్షుడిగా చేసిన జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ పేరు, రెండోది జాన్ ఎఫ్. కెనెడీ, మూడోది ఎంటర్‌ప్రైజ్, నాలుగోది డోరిస్ మిల్లర్. మిల్లర్ నల్లజాతి యువకుడు. ఆనాటి నౌకాదళంలో అతని వంటివారికి అన్నం వడ్డించే పని తప్ప తుపాకీ పట్టే శిక్షణ ఇచ్చేవారు కాదు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన ఉదయం, వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకలో గాయపడిన వారిని మోసి, ఎన్నడూ ముట్టుకోని మెషీన్ గన్ అందుకుని విమానాల మీద కాల్చాడు. మరుసటి ఏడు నేవీ క్రాస్ పతకం ఇచ్చారు. 1943 నవంబరులో జలాంతర్గామి టార్పెడో తగిలి మునిగిన లిస్కమ్ బే అనే ఓడలో అతను చనిపోయాడు. అదీ ఒక చిన్న విమాన వాహక నౌకే.