ఎసరు దగ్గరే ఉంది చిక్కు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాను తెచ్చుకుంటాం, వంటకు మాత్రం బోరు నీళ్లే. ఏడేళ్ల పాపకు కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సున్నం పూసినట్టు తెల్ల మచ్చలున్నాయి. కాచి వాడితే చాలని మా అత్తగారు అంటారు. మా బోరుకు ఎర్ర రంగు వేసి పోయారు, పక్క వీధి బోరుకు వేయలేదు. ఇదేం లెక్క మాస్టారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కలరా, టైఫాయిడ్ లాంటి వాటికైతే మీ అత్తగారి మాటే మాట. పాప పళ్ల మీది మచ్చలు మాత్రం నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ అనే లవణం పని. అది క్రిమి కాదు, చావడానికి. కాచేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లే పీల్చుకుంటాయి. గ్లాసులో వద్దన్నదాన్ని కంచంలో వడ్డిస్తున్నారన్నమాట. రేపటి నుంచి ఎసరు కూడా ప్లాంటు నీళ్లతోనే పెట్టండి.

ఇక ఎర్ర రంగు. మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటిందని అది గుర్తు. ఫ్లోరైడ్ నేల కింది రాతిలోంచి నీళ్లలోకి దిగుతుంది. పక్కపక్క బోర్లయినా లోతునుబట్టి, తగిలిన రాతినిబట్టి తేడా వస్తుంది. అందుకే ఏ బోరుకు ఆ బోరు పరీక్ష చేయాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మీ కనిగిరి కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. కేంద్రం నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది 2008-09లో. తొలి ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. డెబ్బై ఏళ్లు! శాస్త్రం చెప్పగానే ఫైలు కదులుతుందనుకుంటే మన అమాయకత్వం.

నేను కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో పిల్లలను ఇంటి నీళ్లు సీసాలో పట్టి తెమ్మనేవాణ్ణి. పరీక్ష మందు చుక్కలు వేస్తే మంచినీళ్లు ఎర్రగానే ఉండేవి, ఫ్లోరైడ్ ఎక్కువున్నవి పసుపుకు తిరిగేవి. ఆ రంగు చూసిన పిల్లలు ఇంటికెళ్లి అమ్మలతో పోట్లాడి మరీ నీళ్లు మార్పించారు. నా ఉపన్యాసాలకు ఎవరూ మారలేదు.

పాపకు వచ్చేసిన మచ్చలు పోవు. చిగుళ్ల లోపల ఇంకా తయారవుతున్న పళ్లను కాపాడుకోవచ్చు. పాలు, పెరుగు, ఉసిరి పెట్టండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగనివ్వకండి. పంచాయతీలో కిట్టు ఉంటే ఆ ప్లాంటు నీళ్లనూ పరీక్షించమనండి. ప్లాంటులో నీళ్లను వడకట్టే పొర (మెంబ్రేన్) పాతబడితే ఫ్లోరైడ్ దాటి వచ్చేస్తుంది, రుచిలో మాత్రం తేడా తెలియదు.