పక్కింటి మామ్మకి గోదావరి గుడ్డ

ప్రశ్న: అక్కా, మేం ఒహాయో వచ్చి ఏడాది కావస్తోంది. జూన్ నెలాఖరుకి ఇండియా వస్తున్నాం. రాజమండ్రిలో దిగి, కోనసీమ మీదుగా చుట్టాలిళ్ళు చూసుకుంటూ కారులో భీమవరం వెళ్దామని ప్లాన్. ఇక్కడ మా పక్కింటి మామ్మగారు గుడ్డ ముక్కలు అతికి, మన బొంతల్లాంటి క్విల్ట్‌లు కుడతారు. మీ ఊరి గుడ్డ కాస్త తెచ్చిపెట్టమన్నారు. పట్టు ముక్కలు తెస్తే బాగుంటుందా?

జవాబు: పట్టు వద్దమ్మా. ఆవిడ మెచ్చుకుని బీరువాలో దాచేస్తుంది. క్విల్ట్‌ని మెషీన్‌లో ఉతుకుతారు, డ్రైయర్‌లో వేస్తారు. పట్టు, జరీ, జార్జెట్ ఆ దెబ్బకి ఆగవు. ఆవిడకి కావలసింది ఇస్త్రీ పెడితే మడత నిలిచే మామూలు నూలు గుడ్డ.

బయల్దేరే ముందు ఒక శనివారం మీ దగ్గర్లోని క్విల్ట్ షాపుకి వెళ్ళి రా. పేరు చూసి దుప్పట్లు అమ్ముతారనుకుంటాం గానీ, గోడకి వేలాడేవి చాలావరకు నమూనాలే. అమ్మేది గుడ్డ. తానులు రంగుల వారీగా నిలబెట్టి ఉంటాయి, నువ్వు ఎన్ని గజాలంటే అన్ని గజాలు బల్ల మీద పరిచి కోసిస్తారు. గజం అంటే 36 అంగుళాలు, పన్నా 42 నుంచి 44. పావు గజాన్ని సన్నటి పీలికలా కాకుండా 18 అంగుళాలకి 22 అంగుళాల ముక్కగా కోస్తే దాన్ని ఫ్యాట్ క్వార్టర్ అంటారు. మామ్మగారికి ఆ సైజు ముక్కలు తెస్తే చాలా సంతోషిస్తుంది. అక్కడ బేరాలుండవు. కాఫీ కప్పుతో లోపలికి వెళ్ళకు, ఫొటో తీసే ముందు అడుగు. చిన్న షాపులు చాలావరకు ఆదివారం తెరవరు.

ఇక మన వైపు సంగతి. రాజమండ్రి తాడితోటలోనూ, ద్వారపూడిలోనూ బట్టల మార్కెట్ పెద్దది, కానీ హోల్‌సేల్. అర మీటరు కొయ్యమంటే మనిషిని ఎగాదిగా చూస్తారు. అందులోనూ నువ్వొచ్చేది జూన్ నెలాఖరుకి, ఆషాఢం తగ్గింపులు తగిలాయంటే నీ ముక్కల గోల వినే ఓపిక ఎవరికీ ఉండదు. అమలాపురంలోనో పాలకొల్లులోనో జాకెట్ ముక్కలమ్మే చిన్న కొట్టుకి మధ్యాహ్నం పూట వెళ్ళు. పాప్లిన్ అడుగు. టూ బై టూ అనే జాకెట్ గుడ్డ మరీ పల్చన. పసుపు కుంకుమతో పెట్టే జాకెట్ ముక్కలు ఇంట్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి కదా అని అవి మాత్రం తేకు. వాటిలో సగం పాలిస్టర్ కలిసినవే, అందుకే ఎవరూ కుట్టించుకోకుండా ఇల్లిల్లూ తిరుగుతుంటాయి.

అనుమానమొస్తే అంచు నుంచి ఒక పోగు లాగి, ఇంటికెళ్ళి అగ్గిపుల్లతో ముట్టించు. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి, వేళ్ళతో నలిపితే మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి చివర గట్టిగా పూసలా కడుతుంది. రంగు సంగతి తేలాలంటే తడిపిన తెల్ల రుమాలుతో గట్టిగా రుద్ది చూడు. ముదురు ఎరుపు, నీలం అయితే తప్పకుండా చూడాలి. రంగు దిగే ముక్క ఒక్కటున్నా ఆవిడ నెలల కష్టం పాడవుతుంది. ఏది కొన్నా ఒకసారి ఉతికి ఆరేసి తీసుకెళ్ళు.

బండారులంక అమలాపురం పక్కనే. అక్కడ జరీ లేని నేత నూలు చీర ఒకటి తీసుకుంటే క్విల్ట్ వెనక వేసే గుడ్డకి పనికొస్తుంది. కొనేముందు వెలుగుకి పట్టి చూడు, నేత మరీ వదులుగా ఉంటే వద్దు. నరసాపురంలో లేసు కూడా తీసుకో. చేత్తో అల్లిన ఆ క్రోషే లేసుకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. బరువుండదు, ఖరీదూ తక్కువే. ఆత్రేయపురం పూతరేకులు గుడ్డలు కొన్నాకే తినండి, ఆ నెయ్యి చేతులతో తానులు ముట్టుకుంటే కొట్టువాడు ఊరుకోడు.

నన్నడిగితే వీటన్నిటికంటే మంచిది ఒక బొంత. మనకది ఇవ్వడానికి నామోషీ, పాత చీరలేగా అని. అలబామాలో గీస్ బెండ్ అని ఒక ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు చిరిగిన పని బట్టలతో కుట్టుకున్న క్విల్ట్‌లని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. క్విల్ట్‌లు కుట్టే మనిషికి ఆ పేరు తెలిసే ఉంటుంది. కాబట్టి నామోషీ పడకు. వాళ్ళ క్విల్ట్‌కి పైన అతుకుల గుడ్డ, మధ్య దూది పొర, కింద ఇంకో గుడ్డ ఉంటాయి. మన బొంతలో దూది పొర ఉండదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలు, పంచెలే నాలుగైదు పొరలు పరిచి, అంచు లోపలికి మడిచి, లావు దారంతో చివరి నుంచి లోపలికి వరసలుగా కుట్టుకొస్తారు. వరసలు ఎంత దగ్గరగా ఉంటే అంత మన్నిక, కూలీ కూడా దాన్నిబట్టే. దీనికి రోజులు పడుతుంది. అందుకని వెళ్ళేటప్పుడే మీ అమ్మగారి పాత నూలు చీరలు కుట్టేవాళ్ళకి ఇచ్చేసి, తిరుగు ప్రయాణంలో తీసుకో. మెషీన్ కుట్టు వద్దని, చేతికుట్టే కావాలని ముందే గట్టిగా చెప్పు. పెద్దది వద్దు, పసిపిల్లల పక్కబొంత సైజు చాలు. లోపల గింజలున్న దూది కూరమనకు. అలాంటిది అమెరికా ఎయిర్‌పోర్టులో వ్యవసాయ తనిఖీ వాళ్ళ కంట పడితే లేనిపోని టెన్షన్.

గాలి తీసే సంచిలో పెడితే బొంత లావు తగ్గుతుంది గానీ బరువు తగ్గదు, తూకం ముందే చూసుకో. ఎంత చోటు లేకపోయినా ఆవకాయ ఉన్న పెట్టెలో మాత్రం సర్దకు.