చిన్న కళాశాల చరిత్రను భద్రపరచడం: స్కానరు కంటే ముందు పెన్సిలు

మీ ఊరి డిగ్రీ కళాశాలకు వచ్చే ఏడాది అరవై ఏళ్లు నిండుతున్నాయని, పాత ఫోటోలు, రిజిస్టర్లు, వార్షిక సంచికలు ఒక గదిలో గుట్టగా పడి ఉన్నాయని, వాటిని స్కాన్ చేయించి వజ్రోత్సవ సంచిక వేయాలనుకుంటున్నామని రాస్తూ, ఏ స్కానరు కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను కృష్ణా జిల్లాలోని ఒక చిన్న ఎయిడెడ్ కళాశాలలో (అంటే సిబ్బంది జీతాలు ప్రభుత్వం ఇచ్చే ప్రైవేటు కళాశాలలో) 1984 నుంచి 2018 వరకు గ్రంథపాలకుడిగా పనిచేశాను. మా స్వర్ణోత్సవానికి మీరు తలపెట్టిన పనినే నేనూ చేశాను. అందులో చేసిన పొరపాట్లే మీకు ఎక్కువగా ఉపయోగపడతాయని అనుకుంటున్నాను.

ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, సంచిక వేయడం వేరు, చరిత్రను భద్రపరచడం వేరు. రెండింటినీ ఒకే కమిటీకి, ఒకే గడువుకు అప్పగిస్తే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. 2016లో మా సంచిక కోసం సిబ్బంది గదిలోని చట్రాల నుంచి నలభైకి పైగా ఫోటోలను విప్పి, ఒక పెద్ద కవరులో పెట్టి ప్రెస్సుకు పంపించాం. ఉత్సవం అయిపోయిన రెండు నెలలకు కవరు గుర్తుకొచ్చి వెళ్లేసరికి ప్రెస్సు వేరే వీధికి మారింది, కవరు సంగతి అక్కడ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు మాకు మిగిలింది సంచికలో అగ్గిపెట్టెంత సైజులో, ముఖాలు చుక్కలు చుక్కలుగా అచ్చయిన బొమ్మలు, వాటి కింద "తొలినాళ్ల దృశ్యం" అన్న ఒక్క మాట. కాబట్టి అసలు ప్రతి ఏదీ ఏ కారణంతోనూ ఆ గది దాటి పోకూడదని మొదటిరోజే తీర్మానం రాయించి, ప్రిన్సిపాలుగారి సంతకం తీసుకోండి. ప్రెస్సువారికి కావలసింది మీరు తీసిన నకలు మాత్రమే.

ఇక స్కానరు విషయం. అది చివరికి కావలసిన వస్తువు, దానికంటే ముందు కావలసింది మెత్తటి పెన్సిలు. ఫోటోను ఇంకో పదేళ్ల తరువాత కూడా స్కాన్ చేయవచ్చు గానీ, అందులో రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో మనిషి ఎవరో చెప్పగల వృద్ధుడు అప్పటిదాకా ఉంటాడన్న భరోసా లేదు. నేను ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతి ఇది. ఫోటోను ఫోనుతో తీసి, ఏ4 కాగితం మీద పెద్దదిగా ముద్రించి, ప్రతి ముఖానికీ ఒక అంకె వేసి, ఆ కాగితం పట్టుకుని విశ్రాంత అధ్యాపకుల ఇళ్లకూ పాత అటెండర్ల ఇళ్లకూ వెళ్లాలి. "కళాశాల చరిత్ర చెప్పండి" అంటే వారు ఉపన్యాసం చెబుతారు. "ఏడో నంబరు ఎవరండీ?" అంటే పేరు చెబుతారు, ఆ పేరు వెంట ఒక సంగతి కూడా వస్తుంది. ముగ్గురిని విడివిడిగా అడగడం మంచిది, ఎందుకంటే ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడితే గొంతు పెద్దగా ఉన్నవారి జ్ఞాపకమే చివరికి అందరి జ్ఞాపకమూ అయిపోతుంది. ఎవరు ఏ తేదీన చెప్పారో కూడా రాయండి. ఫోటో వెనుక రాయవలసి వస్తే పెన్సిలుతో, అంచున, తేలికగా రాయాలి. బాల్‌పెన్నుతో ఒత్తి రాసిన అక్షరాలు ముందువైపు ముఖాల మీద గీతలుగా తేలతాయి.

గదిలో ఉన్నవాటిలో ఏవి విలువైనవి అన్న ప్రశ్నకు అందరూ ఫోటోలే అంటారు. నా లెక్కలో పాలకవర్గపు మినిట్స్ పుస్తకాలు, ప్రవేశ రిజిస్టర్లు, గ్రంథాలయ యాక్సెషన్ రిజిస్టరు (కొన్న ప్రతి పుస్తకానికీ వరుస నంబరు వేసి రాసేది), స్టాక్ తనిఖీ నివేదికలు వాటికంటే ముందుంటాయి. మా గ్రంథాలయంలో తొలి పుస్తకాలు వందలకొద్దీ 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో తడిసి పోయాయని నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వింటూ వచ్చాను. నేనూ వచ్చినవారికి అదే చెప్పేవాణ్ణి. ఒక వేసవిలో పాత తనిఖీ నివేదికలు తిరగేస్తుంటే, ఉప్పెనకు ఏడాది ముందటి నివేదికలోనే ఆ పుస్తకాల నంబర్లలో చాలావాటికి ఎదురుగా "చెదలు తినినవి, కొట్టివేయవచ్చును" అన్న మాట కనిపించింది. ఉప్పెన నిజం, దాని దుఃఖం నిజం, మా పుస్తకాలు పోయిన కారణం మాత్రం వెనుకగోడ చెదపుట్ట. ఈ సంగతి చెప్పినప్పుడు మా సహోద్యోగులు కొందరు చిన్నబుచ్చుకున్నారు కూడా!

ప్రవేశ రిజిస్టరులో తండ్రి వృత్తి అనే గడి ఒకటి ఉంటుంది. మా మొదటి సంవత్సరపు రిజిస్టరులో ఆ గడి నిండా వ్యవసాయం, వ్యవసాయం, కూలి, చేనేత, మళ్లీ వ్యవసాయం అని వరుసగా ఉంటుంది. కళాశాల ఎవరికోసం పెట్టారో చెప్పడానికి అంతకు మించిన వ్యాసం రాయలేము. కొన్నేళ్ల తరువాతి రిజిస్టరులో పి.యు.సి. (ఒక ఏడాది ప్రీ-యూనివర్సిటీ కోర్సు) పేరు ఉన్నట్టుండి ఆగిపోయి ఇంటర్మీడియట్ మొదలవుతుంది. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చిందని తెలియనివారు తరగతే మూతపడిందని పొరబడతారు, కనుక ఇలాంటి చోట ఒక చిన్న వివరణ చీటీ పెట్టండి. క్రమశిక్షణ ఉత్తర్వుల ఫైలును పనికిరానిదని తూకానికి వేయకండి. వందేమాతరం బ్యాడ్జి ధరించినందుకు 1907లో స్వాతంత్ర్య సమరయోధుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని రాజమహేంద్రవరం ట్రైనింగ్ కళాశాల నుంచి బహిష్కరించిన సంగతి తెలిసిందే. ఆ రోజు అది కార్యాలయానికి మరొక ఉత్తర్వు మాత్రమే అయి ఉంటుంది.

సంప్రదాయాలను భద్రపరచడం ఇంతకంటే కష్టం, ఎందుకంటే అవి ఫైళ్లలో ఉండవు. మా కళాశాలలో ప్రతి ఉగాదికి అధ్యాపకులు శ్రీకృష్ణదేవరాయల కవిసభను వేషాలతో చూపే భువనవిజయం ప్రదర్శించేవారు. తెలుగు శాఖాధ్యక్షులు ఎవరైతే వారే పెద్దన, తెనాలి రామకృష్ణుడి వేషం మాత్రం తెలుగువారికి ఇవ్వకుండా గణితశాఖకే ఇచ్చేవారు. దీనికి కారణం ఏ మినిట్స్ పుస్తకంలోనూ లేదు. ఎవరు ఏ కవి అన్నది ఒక ఏడాది పెళ్లి శుభలేఖ వెనుక, మరొక ఏడాది నామినల్ రోలు (విద్యార్థుల పేర్ల జాబితా) చివరి కాగితం మీద రాసుకున్నారు. నేను తెలిసీ తెలియక దాచిన అలాంటి పదకొండు కాగితాలే ఇప్పుడు ఆ సంప్రదాయానికి మిగిలిన ఆధారం. వేదిక మీద అప్పటికప్పుడు చెప్పిన పద్యాలు దాదాపు అన్నీ పోయాయి.

ఒక అష్టావధానం మాత్రం కాసెట్ రూపంలో దొరికింది. దానిని కంప్యూటరుకు కలిపి విన్నప్పుడు దత్తపది (పద్యంలో ఇమడ్చవలసిన మాటలు) ఇస్తున్న గొంతు, మధ్యమధ్య టింగుమని ఘంటానాదం, అవధాని ఏకాగ్రత చెడగొట్టే అప్రస్తుత ప్రసంగానికి కూర్చున్న రసాయనశాస్త్ర అధ్యాపకుడు "అవధానిగారూ, మా హాస్టలు సాంబారులో పప్పు ఏ పాదంలో ఉందండీ?" అని అడగటం, సభంతా నవ్వటం వినిపించాయి. ఆ పద్యాల కంటే ఆ నవ్వులోనే మా కళాశాల ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. మీ దగ్గర కాసెట్లు ఉంటే "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని ఊరికే వేయకండి. ఏళ్ల తరబడి కదలని టేపు మొదటిసారి తిరిగేటప్పుడే తెగిపోవచ్చు, కాబట్టి ఆ మొదటిసారే రికార్డు చేసుకునే ఏర్పాటుతో వేయాలి.

కాగితాల సంరక్షణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. తుప్పుపట్టిన గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసివేసి, బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, నేల మీద ఉన్న మూటలను పైకి ఎక్కించండి. చినిగినచోట సెల్లో టేపు వేయవద్దు, ముఖ్యమైన పత్రాన్ని లామినేషన్ అసలే చేయించవద్దు, చేశాక దాన్ని విడదీయడం మన వల్ల కాదు. కలరా ఉండలు పోసి తలుపు మూసి నిశ్చింతగా ఉండటం కంటే నెలకొకసారి తలుపు తీసి గాలి ఆడనివ్వడం మేలు. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకకుండా అద్దంతోనే కాపీ తీయండి. స్కాన్ చేసేటప్పుడు పేజీలకు 300, చిన్న ఫోటోలకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) చాలు, ఫైలు పేరు సంవత్సరంతో మొదలవ్వాలి, ప్రతులు మూడు ఉండాలి, అందులో ఒకటి వేరే భవనంలో ఉండాలి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అనూ అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన పాత సంచికల ఫైళ్లు దొరికితే వెంటనే పీడీఎఫ్‌గానూ, యూనికోడ్‌లోకి మార్చిన పాఠంగానూ దాచండి. ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే కనిపించేవి పిచ్చి గుర్తులే.

మీ గదిలో లేని కాగితాలు వేరేచోట ఉండవచ్చని కూడా గుర్తుంచుకోండి. మా కళాశాల ఉన్నచోటే ఉండి మూడు విశ్వవిద్యాలయాలు మారింది: 1976 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆపైన నాగార్జున, 2008 తరువాత కృష్ణా. మా తొలి తనిఖీ సంఘం నివేదిక నకలు కోసం విశాఖపట్నం వెళ్లవలసి వచ్చింది. మీది కాకపోయినా, 1953కు ముందు కోస్తాలోనో రాయలసీమలోనో పుట్టిన కళాశాల అయితే, అప్పట్లో ఆ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కనుక, ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా వెతకాలి.

ప్రవేశ రిజిస్టర్లను మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టకండి. వాటిలో కులం, పుట్టినతేదీ, చిరునామా ఉంటాయి, 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం కూడా వచ్చింది. పేర్లు లేకుండా లెక్కలు తీసి రాసుకోవచ్చు.

ఒక్క తాళంచెవి, ఒక్క మనిషి అన్న ఏర్పాటు కూడా వద్దు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని వెనక్కి తీసుకున్నప్పుడు ఎన్నో కళాశాలల నుంచి అధ్యాపకులూ కార్యాలయ సిబ్బందీ ప్రభుత్వ కళాశాలలకు వెళ్లిపోయారు. మా కళాశాలలో ఏ బీరువాలో ఏముందో తెలిసిన సీనియర్ అసిస్టెంటు కూడా అలాగే వెళ్లారు. ఆయన వెళ్లే ముందురోజు సాయంత్రం కూర్చుని, బీరువావారీగా రాసి ఇచ్చిన ఆరు పేజీల జాబితాయే ఇప్పుడు మా కళాశాలలో ఎక్కువసార్లు తెరిచే పత్రం. మీరూ అలాంటి జాబితాతోనే మొదలుపెట్టండి. మీ కళాశాల ఏ జిల్లాలో మొదలైందో రాస్తే, బయట ఏ కార్యాలయంలో వెతకాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.