సగటు బరువు వెనక దాగిపోయే బిడ్డలు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఆస్ట్రేలియా మూలవాసుల్లో గర్భిణులకు వచ్చే షుగర్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మూలవాసుల, ఇతరుల బిడ్డల సగటు బరువులు పక్కపక్కన పెట్టి, తేడా పెద్దగా లేదని తేల్చేశావు. ఆ పేరా కొట్టెయ్యి.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. అందుకని బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది. ఒంట్లో కొవ్వు చేరుతుంది, భుజాలు బలుస్తాయి, కాన్పులో భుజం ఇరుక్కుంటుంది. బొడ్డు కోశాక చక్కెర ఆగుతుంది కానీ ఇన్సులిన్ వెంటనే ఆగదు. పసిబిడ్డకు షుగర్ పడిపోయేది అందుకే. ఇదొక కొస. పొగతాగడం, నెలలు నిండని కాన్పు, బీపీ, పాత షుగర్ వల్ల దెబ్బతిన్న కిడ్నీలు బిడ్డ బరువును తగ్గిస్తాయి. అది రెండో కొస. 4200 గ్రాముల బిడ్డకూ 2200 గ్రాముల బిడ్డకూ సగటు 3200. ఆ అంకెలో ఇద్దరూ కనబడరు. 2500 లోపు ఎందరు, 4000 పైన ఎందరు అన్నది విడిగా రాయి. వారాలు కూడా చెప్పు: 3500 గ్రాములు 40 వారాలకు మామూలే, 36 వారాలకైతే చాలా ఎక్కువ.

గర్భంతో వచ్చిన షుగర్‌నీ, ముందే ఉన్న టైప్ 2 షుగర్‌నీ ఒకే గంపలో వెయ్యకు. మూలవాసుల్లో టైప్ 2 చిన్న వయసులోనే వస్తుంది. బిడ్డ గుండె, వెన్నెముక ఏర్పడే తొలి వారాల్లోనే తల్లికి షుగర్ ఎక్కువగా ఉంటే అవయవ లోపాల ముప్పు పెరుగుతుంది.

కేసుల సంఖ్యలనూ ఉన్నవి ఉన్నట్టు నమ్మకు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ లాంటి మారుమూల చోట్ల నుంచి ల్యాబ్ చాలా దూరం. తీసిన రక్తంలోని కణాలు గొట్టంలో కూడా గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 శాతం తగ్గుతుంది. దాన్ని ఆపడానికి గొట్టంలో ఫ్లోరైడ్ వేసినా తొలి గంటల్లో ఆ తరుగు పూర్తిగా ఆగదు. పరగడుపున గ్లూకోజ్ 95 (డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో) ఉన్న రక్తం గంటలో 90 చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెట్టిన హద్దు 92. దాంతో ఆ గర్భిణికి షుగర్ లేదని రాసేస్తారు. పైగా ఆస్ట్రేలియాలో 2025లో ఆ హద్దును 95కి మార్చారు. ఏ హద్దో చెప్పకుండా వేర్వేరు ఏళ్ల అంకెలు పోల్చకు.

"జన్యువులే కారణం" అన్న వాక్యం నన్ను బాధపెట్టింది. అమెరికాలోని అరిజోనాలో పిమా అనే మూలవాసులను 1965 నుంచి దశాబ్దాల పాటు పరిశీలించారు. తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్ల కన్నా, వచ్చాక పుట్టిన తోబుట్టువులకే షుగర్ ఎక్కువగా వచ్చింది. అమ్మానాన్నలు వాళ్లే, మారింది కడుపులోని చక్కెర. అక్కడే తక్కువ బరువుతో పుట్టినవాళ్లలోనూ, ఎక్కువ బరువుతో పుట్టినవాళ్లలోనూ పెద్దయ్యాక షుగర్ ఎక్కువ కనబడింది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

ఇంకొకటి. "మూలవాసేతరులు" అంటే తెల్లవాళ్లే కాదు. మెల్‌బోర్న్‌లో కాన్పయ్యే మన తెలుగు ఆడపిల్లలూ ఆ లెక్కలోనే ఉన్నారు. మనవాళ్లకు గర్భంలో షుగర్ ఎక్కువ, బిడ్డలు మాత్రం చిన్నగా పుడతారు, ఆ చిన్న ఒంట్లోనే కొవ్వు శాతం ఎక్కువ. 4000 గ్రాముల గీతకు వాళ్లు దొరకరు. ఆ గుంపును విడగొట్టి, పట్టిక మళ్లీ వేసి పంపు.