ఇంజిన్ పట్టేసిన సీబీ750ని అప్పు చేసి కొనవచ్చా?

ప్రశ్న: 1976 నాటి హోండా సీబీ750 మోటార్ సైకిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. పదిహేనేళ్లుగా షెడ్డులోనే ఉంది, ఇంజిన్ పట్టేసింది. నాలుగు సైలెన్సర్లలో రెండు లేవు. 12 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం దొరుకుతోంది. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. కొని, బాగు చేయించి, లాభానికి అమ్మాలనుకుంటున్నాను. ఇది మంచి ఆలోచనేనా?

జవాబు: అప్పు చేసి మాత్రం కొనకండి. 12 శాతం వడ్డీతో 36 వాయిదాల్లో తీరిస్తే ప్రతి 100కి మీరు కట్టేది దాదాపు 119.6. ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది అదనం. వాయిదాలేమో వెంటనే మొదలవుతాయి, బండేమో విడిభాగాల కోసం నెలల తరబడి అట్టపెట్టెల్లో పడి ఉంటుంది. మధ్యలో చేతిలో డబ్బు ఆడకపోతే సగం విప్పిన బండిని అయినకాడికి వదిలించుకోవాలి. అలాంటి బండికి విప్పకముందు పలికిన ధర కూడా రాదు. అత్యవసర నిధి జోలికి కూడా వెళ్లకండి.

ఇక లాభం సంగతి. అదే మోడల్, బాగా నడుస్తున్న బండి ఎంతకు చేతులు మారిందో కనుక్కోండి. ప్రకటనల్లో అడిగే ధర లెక్కలోకి రాదు. ఆ అమ్మకం ధరను 100 అనుకుందాం. కొనడానికి 25, ఇంజిన్‌కు 25, సైలెన్సర్లు, క్రోమ్ పూతకు 20, టైర్లు, బ్రేకులు, వైరింగ్‌కు 15, రంగుకు 10, అనుకోని ఖర్చుకు 20. మొత్తం 115. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీ అంకెలతో మళ్లీ వేసుకోండి. నా అంచనా, మీకూ 100 దాటుతుంది. 1969లో వచ్చిన తొలి సీబీ750ల క్రాంక్‌కేసులు, అంటే ఇంజిన్ కింది భాగపు పెట్టెలు, గరుకుగా ఉండేవి. అందుకే వాటికి ‘శాండ్‌కాస్ట్’ అన్న పేరు పడింది. సేకరించేవాళ్లు వాటికి ఎంతైనా పెడతారు. 1976 బండికి ఆ గిరాకీ లేదు.

ఇష్టంతో, మిగులు డబ్బుతో కొంటానంటే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కొనే ధర దగ్గరే గట్టిగా నిలబడాలి. పట్టేసిన ఇంజిన్ అందరినీ భయపెడుతుంది కానీ, జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది లేని భాగాలు. ఈ మోడల్‌కు కంపెనీ సైలెన్సర్ల జత దొరకడం కష్టం. ఉన్న రెండింటి మీద హెచ్‌ఎం అక్షరాలతో అంకె కొట్టి ఉందేమో చూడండి. లేకపోతే అవి కంపెనీవి కాకపోవచ్చు, అప్పుడు నాలుగూ లేనట్టే లెక్కగట్టండి. సైడ్ కవర్లు, మీటర్లు, పెట్రోల్ ట్యాంకు లోపలి తుప్పు కూడా టార్చి వేసి చూడాలి.

ఇంజిన్‌ను కిక్ కొట్టి కదిలించాలని ఎవరినీ ప్రయత్నించనివ్వకండి, పిస్టన్ రింగులు విరిగి సిలిండర్ గీసుకుపోతుంది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో తుప్పు వదిలించే నూనె రెండు చెంచాలు పోసి, వారం ఆగి, క్రాంక్ షాఫ్ట్ చివరి నట్టుకు పానా వేసి అటూ ఇటూ మెల్లగా ఊపాలి. అమ్మేవాడు వారం ఆగనంటే, ఇంజిన్ మొత్తం విప్పాలన్న లెక్కతోనే బేరం చేయండి. సీబీ750లో ఇంకో చిక్కుంది. సిలిండర్ హెడ్, అంటే సిలిండర్ల పైమూత, తీయాలంటే ఇంజిన్‌ను ఫ్రేమ్‌లోంచి కిందికి దించాల్సిందే. హెడ్ దగ్గర చిన్న ఆయిల్ లీకు కూడా పెద్ద కూలీ అవుతుంది.

ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు ఒకటే కాకపోతే కంగారు పడొద్దు, ఫ్యాక్టరీలోనే అవి వేరుగా పడేవి. రెండూ కాగితాల్లో ఉన్నవాటితో సరిపోవాలి, అంతే. సరిపోకపోతే ఎంత చవకైనా కొనకండి.

కొన్నాక డబ్బు విడతలుగా వదలండి. మొదట ఇంజిన్ తిరిగి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిచాకే రెండో విడత. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే అక్కడే ఆగి, లెక్క మళ్లీ వేయండి. తర్వాత కార్బ్యురేటర్లు, బ్రేకులు, వైరింగ్. క్రోమ్, రంగు చిట్టచివర. చాలామంది ముందు ట్యాంకుకు మెరుగు పెట్టించి, ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు.

మీరే విప్పితే కూలీ మిగులుతుంది. అయితే జపాన్ బండ్ల స్క్రూలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) కొలత స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు ఫిలిప్స్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. అరిగిన ప్రతి స్క్రూనూ డ్రిల్ చేసి తీయించాల్సి వస్తే మిగిలిందనుకున్న కూలీ అటే పోతుంది.

ప్రతి బిల్లూ దాచండి, ప్రతి దశకూ ఫొటో తీయండి. పని పూర్తయ్యాక ముందే ఒప్పుకున్న విలువకు బీమా ఇచ్చే పాలసీ అడిగితే, విలువ నిరూపించడానికి చూపాల్సినవి అవే.