అమ్మతో కారెక్కే ముందు

చిరంజీవి చిన్నాకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "అమ్మను డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా కార్లో తీసుకెళ్తున్నా పెద్దమ్మా, వారం రోజులు, ఇద్దరమే" అని నువ్వు చెబితే ఎంత సంతోషం వేసిందో. ఆ వెంటనే గొంతు తగ్గించి "అన్ని గంటలు అమ్మతో ఏం మాట్లాడాలో తెలియట్లేదు, కొంచెం టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఆ మాట రాత్రంతా నా మనసులో తిరిగింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే ఈ ఉత్తరం.

నేను 2016లో మీ అన్నయ్యతో ఇలాగే అరిజోనాలో కార్లో తిరిగాను. అంటే మీ అమ్మ కూర్చోబోయే సీట్లో నేను కూర్చుని వచ్చాను. ఆ సీట్లోంచి ఏం కనిపిస్తుందో కొడుకులకు తెలియదు.

నీ ఫ్రెండ్స్ చూడమన్నారని చెప్పావే, ది గిల్ట్ ట్రిప్ అనే సినిమా, అది నేను చూశాను. బయల్దేరేలోపు నువ్వూ చూడు. 2012లో వచ్చింది. తల్లిగా బార్బ్రా స్ట్రైసాండ్, కొడుకుగా సేథ్ రోగన్. న్యూజెర్సీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా కారు ప్రయాణం. రాసిన డాన్ ఫోగెల్‌మన్ నిజంగానే వాళ్లమ్మతో న్యూజెర్సీ నుంచి లాస్ వేగస్ దాకా కార్లో వెళ్లాడట, ఆ అనుభవంతోనే కథ అల్లుకున్నాడు. సినిమాలో తల్లి పేరు జాయిస్. అది వాళ్లమ్మ పేరే. సినిమా విడుదలయ్యే నాటికి ఆవిడ లేరు. ఆ సంగతి తెలిశాక నవ్వొచ్చే సీన్లు కూడా నాకు వేరేగా కనిపించాయి.

అది కామెడీయే, కాదనను. తల్లి ఆడియో పుస్తకం పెడితే ఆ కథ విని కొడుకు సిగ్గుతో చచ్చిపోతాడు. పెళ్లి గురించి, పాత గర్ల్‌ఫ్రెండ్ గురించి, తిండి గురించి ఆవిడ నోరు ఆగదు. చివరికి అతను విసుక్కుని గట్టిగా అరుస్తాడు. ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఆ సీన్ దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మీ అన్నయ్య కూడా ఒక పెట్రోల్ బంకు దగ్గర నా మీద అలాగే అరిచాడు.

ఏం జరిగిందంటే, నేను నీళ్లు తాగడం మానేశాను. తాగితే బాత్రూమ్‌కి ఆపమని అడగాలి కదా. వాడు స్పీడుగా పోతున్నాడు, మధ్యలో ఆఫీస్ కాల్స్, ఎలా అడగను? రెండు రోజులు అలా గడిపేసరికి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరం పట్టుకుంది. డాక్టర్ దగ్గరికి పరుగు. "ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా!" అని వాడు అరిచాడు. వాడిది భయం. నాకు అర్థమైంది. కానీ ఆ రోజంతా కారులో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

కాబట్టి మొదటి మాట ఇది. మీ అమ్మను "ఆపనా?" అని అడగకు. అడిగితే "వద్దులే నాన్నా, పద" అంటుంది. ఆ తరం ఆడవాళ్లందరం అలాగే అంటాం. ప్రతి రెండు గంటలకూ నువ్వే ఆపు. "నాకు కాళ్లు పట్టేశాయి, దిగుదామమ్మా" అను. ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద రెస్ట్ ఏరియాలు ఉంటాయి, దిగి ఇద్దరూ అయిదు నిమిషాలు నడవండి. గంటలకొద్దీ కాళ్లు మడిచి కూర్చుంటే ఈ వయసులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నీళ్ల బాటిల్ ఆమె చేతికి అందేలా పెట్టు.

ఇంకోటి, ఎత్తు. మీ డాలస్ దాదాపు సముద్ర మట్టానికి దగ్గరే. దార్లో వచ్చే ఊళ్లు చూస్తే, టెక్సస్‌లోని అమరిల్లో 3,600 అడుగులు, న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ 5,000 పైన, గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు అంచు, అదే సౌత్ రిమ్, దాదాపు 7,000 అడుగులు. బీపీ ఉన్న మనిషికి అక్కడ నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంది. అందుకే ఒక్క రోజులో దూసుకుపోకుండా అమరిల్లోలో ఒక రాత్రి, ఆల్బకర్కీలో ఒక రాత్రి ఆగండి. డాలస్ నుంచి అమరిల్లోకి 360 మైళ్లు, ఒక రోజుకి అది చాలు. పార్కులో ఉచితంగా షటిల్ బస్సులు తిరుగుతాయి, అంచు వెంబడి చాలా దూరం చదునైన బాట ఉంది. కిందికి దిగే దారుల జోలికి పోకు. దిగడం సులువు, ఎక్కి రావడమే కష్టం.

షుగర్ మాత్రల విషయంలో గడియారాన్ని నమ్ముకోవద్దు. న్యూ మెక్సికోలోకి వెళ్తే టైమ్ ఒక గంట వెనక్కి పోతుంది. అరిజోనాలో ఎండాకాలం గడియారం మార్చరు, కాబట్టి అక్కడ మీ డాలస్‌కి రెండు గంటల తేడా వస్తుంది. మాత్ర భోజనాన్ని బట్టి వేసుకోవాలి, ఫోన్లో టైమ్‌ని బట్టి కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదువు, చాలావాటిలో పాత జబ్బులకు పూర్తి కవరేజీ ఉండదు.

తిండి గురించి నువ్వు కంగారు పడకు. చిన్న రైస్ కుక్కర్, చారు పొడి, కందిపొడి, నెయ్యి, ఒక ఆవకాయ సీసా డిక్కీలో పెట్టుకో. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న గది బుక్ చెయ్యి. మొదటి రోజుకి పులిహోర తనే చేస్తుంది, చెయ్యనివ్వు. "ఎందుకమ్మా ఇదంతా, దార్లో తిందాం" అనకు. తెల్లవారుజామున లేచి నీ కోసం పోపు వేస్తుంటే ఆవిడకు ప్రయాణం అప్పుడే మొదలైనట్టు.

సినిమాలో టెక్సస్ సీన్ ఒకటుంది. పెద్ద మాంసం ముక్క గంటలోపు తినేస్తే డబ్బు కట్టక్కర్లేదు అనే పందెం. ఆ తల్లి కూర్చుని తినేస్తుంది. అమరిల్లోలో నిజంగానే అలాంటి హోటల్ ఉంది, అక్కడ 72 ఔన్సుల ముక్క పెడతారు, మన లెక్కలో రెండు కిలోలు. మీ అమ్మ ఉల్లిపాయ కూడా వారాలు చూసి తినే మనిషి, ఆ హోటల్ మీకు అక్కర్లేదు. కానీ ఆ సీన్‌లో కొడుకు ముఖం చూడు. అమ్మ మొండితనం, అమ్మ పట్టుదల, ఒక పరాయి మనిషి వచ్చి అమ్మను మెచ్చుకోవడం, అన్నీ వాడు మొదటిసారి చూస్తున్నాడు. అమ్మంటే అమ్మే కాదు, ఒక మనిషి అని వాడికి అక్కడ తెలుస్తుంది.

నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. ఆ సినిమాలో తల్లి ఒక రాత్రి కొడుక్కి చెబుతుంది, నీ తండ్రి కంటే ముందు నేనొకణ్ని ప్రేమించాను, నీకు వాడి పేరే పెట్టాను అని. కొడుక్కి ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది ఆ సంగతి! కన్న తల్లి గురించి. ఆ మనిషిని కలిపిద్దామని, ఆమెకు చెప్పకుండానే ప్రయాణానికి రమ్మని పిలుస్తాడు. తీరా వెళ్లేసరికి అతను లేడు, చనిపోయి కొన్నేళ్లయింది. కానీ అతను తన కూతురికి జాయిస్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ మాట విన్నప్పుడు నేను ఏడ్చేశాను.

మీ అమ్మ జీవితంలో అలాంటి కథ ఉందని నేను అనడం లేదు. వేరే కథలు ఉన్నాయి. మీ తాతయ్య వద్దన్నా వినకుండా, నన్ను తోడు తీసుకుని, లలిత సంగీతం ఆడిషన్‌కి విజయవాడ రేడియో స్టేషన్‌కి వెళ్లింది. పద్దెనిమిదేళ్లప్పుడు. తర్వాత ఏమైందో నేను రాయను. అమరిల్లో దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది, రెండు పక్కలా ఏమీ ఉండదు. అప్పుడు అడుగు. "అమ్మా, రేడియో స్టేషన్‌కి ఎందుకు వెళ్లావు?" అను. "ఎవరు చెప్పార్రా నీకు?" అని ముందు కసురుకుంటుంది. ఆ తర్వాత మాట్లాడుతుంది. నువ్వు మధ్యలో అడ్డు రాకు. ఆఫీస్ నుంచి ఫోన్ వస్తే ఎత్తకు. మీ అన్నయ్య ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మూడు గంటలు ఎవరితోనో మాట్లాడుతుంటే నేను కిటికీలోంచి ఎర్ర కొండలు చూస్తూ కూర్చున్నాను. కొండలు అందంగానే ఉన్నాయి. కానీ చిన్నా, నేను పద్దెనిమిది గంటలు విమానంలో వెళ్లింది వాడి కోసం.

పెళ్లి సంగతి తప్పకుండా ఎత్తుతుంది. మొదటి రోజే, విసుగు లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పేయి. ఇష్టం లేకపోతే లేదని, ఎవరినైనా చూసుకుని ఉంటే ఉందని. మీ నాన్న పోయాక ఆమె రాత్రుళ్లు నిద్రపట్టక ఆలోచించేది అదొక్కటే. మాట దాటేస్తే ప్రతి ఎగ్జిట్ దగ్గరా మళ్లీ అడుగుతుంది.

నీ ఉద్యోగం గురించి కూడా ఏదో ఒకటి చెప్పబోతుంది. విను. సినిమాలో కొడుకు తను తయారుచేసిన క్లీనింగ్ లిక్విడ్‌ని ఎవరికీ అమ్మలేకపోతాడు. ఆ పేరు నోరు తిరగట్లేదు, మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పు అని తల్లి మొత్తుకుంటుంది. వాడు వినడు. చివరికి ఆమె చెప్పినట్టు మాట్లాడితేనే అమ్ముడుపోతుంది. మీ అమ్మ ముప్పై ఏళ్లు స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. అర్థంకాని దాన్ని అర్థమయ్యేలా చెప్పడమే ఆమె పని.

కాన్యన్ అంచున నిలబడ్డాక ఆమె పది నిమిషాలు చూసి "సరే, పద" అంటే నొచ్చుకోకు. అంత పెద్దదాన్ని ఎంతసేపు చూడాలో ఎవరికీ తెలియదు. పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టు, ఫ్లాస్కులో కాఫీ పొయ్యి. పొద్దుటిపూట అక్కడ వేసవిలో కూడా చలిగా ఉంటుంది, శాలువా మర్చిపోవద్దు. నీలం రంగుది తెమ్మన్నాను, పెట్టెలో అడుగున పెట్టుకుంది.

నేను రాశానని మీ అమ్మకు చెప్పకు. రేడియో స్టేషన్ సంగతి ఎవరు చెప్పారో ఆమెకు తెలిసిపోతుందిలే, నేను తప్ప ఇంకెవరున్నారు. పాడమని అడుగు. మొదట గొంతు పోయిందంటుంది, ఇంకోసారి అడుగు. రికార్డ్ చేసి నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ